అడిగినవాళ్లదే ఆ ఊరు

ఇంగ్లండ్‌లో చదువు అనగానే ఇంట్లోవాళ్ల ఊహ లండన్ దగ్గరే ఆగిపోతుంది. మన పిల్లల్లో చాలామంది సూట్‌కేసులతో దిగేది మాత్రం లెస్టర్, కోవెంట్రీ, షెఫీల్డ్, ప్రెస్టన్, హల్ లాంటి ఊళ్లలో. అక్కడ అద్దె లండన్‌లో కంటే తక్కువ. క్లాసుకు నడిచి వెళ్లొచ్చు. ఓ నెల తిరిగితే వీధులన్నీ తెలిసిపోతాయి. ఈ అధ్యాయాన్ని లెస్టర్‌ను పట్టుకుని చెబుతాను. 2021 జనగణనలో ఆ ఊరి జనాభా 3,68,600. మన రాజమండ్రి అంత ఊరనుకోండి. అందులోనే రెండు యూనివర్సిటీలున్నాయి. విక్టోరియా పార్కును ఆనుకుని యూనివర్సిటీ ఆఫ్ లెస్టర్, సోర్ నది పక్కన పాత కోట దగ్గర డి మాంట్‌ఫోర్ట్. లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే గంటా పది నిమిషాల ప్రయాణం.

అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత చెప్పుకునేది మనమే. అయినా పిల్లలకు మనం నేర్పేది సర్దుకుపోవడం. హాస్టల్లో చారు నీళ్లలా ఉంటే సర్దుకుపో, లెక్చరర్ కసురుకుంటే సర్దుకుపో, ఇంటి ఓనరు మోటారు వేయకపోతే సర్దుకుపో. ఆ ఓర్పును నేను తక్కువ చేయను, దాంతోనే ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. ఇంగ్లండ్‌లో మాత్రం ఆ ఓర్పే మిమ్మల్ని ముంచుతుంది. అక్కడ మీ ముఖం వాడిపోయిందని చూసి "ఏమైంది బాబూ" అని ఎవరూ పలకరించరు. మీ మీద పట్టింపు లేక కాదు. పిలవకుండా ఒకరి విషయంలో కలగజేసుకోవడం మర్యాద కాదని వాళ్ల నమ్మకం. సాయం చేసే ఏర్పాట్లకు లోటు లేదు. స్టూడెంట్స్ యూనియన్‌లో ఉచితంగా సలహా చెప్పేవాళ్లుంటారు, మీకంటూ ఒక పర్సనల్ ట్యూటర్ ఉంటారు, ఇళ్ల తనిఖీకి ఊరి కౌన్సిల్లో ఓ విభాగం ఉంటుంది. వాళ్లంతా మీ ఈమెయిల్ వస్తే కదులుతారు, రాకపోతే మీరు క్షేమంగా ఉన్నారనే అనుకుంటారు. అందుకే ముందుగా అడగండి, రాతపూర్వకంగా అడగండి. ఏం అడగాలో, ఎవరిని అడగాలో ఇక చూద్దాం.

ఇల్లు

మొదటి టర్ముకు వీలైతే యూనివర్సిటీ హాల్లోనే, అంటే వాళ్ల హాస్టల్లోనే, గది తీసుకోమంటాను. అద్దె కాస్త ఎక్కువే. వాట్సాప్‌లో వచ్చిన నాలుగు ఫొటోలు నమ్మి విజయవాడ నుంచో వరంగల్ నుంచో డిపాజిట్ పంపడం కంటే ఆ ఎక్కువ కట్టడమే క్షేమం. చూడని ఇంటికి డబ్బు పంపొద్దు. "ఇంకో ముగ్గురు అడుగుతున్నారు, ఈ రాత్రికే కట్టాలి" అని ఎంత తొందరపెట్టినా పంపొద్దు. హాల్ దొరక్కపోతే ఓ రెండు వారాలు తాత్కాలికంగా ఎక్కడో దిగండి. ఊరు నడిచి చూసి, ఇంట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, హీటర్ వేయించి, అప్పుడు మాట్లాడుకోండి.

యూనివర్సిటీ ఆఫ్ లెస్టర్‌లో చదివేవాళ్లు క్లారెండన్ పార్కు, ఎవింగ్టన్ రోడ్ వైపు, డి మాంట్‌ఫోర్ట్ వాళ్లు నార్‌బరో రోడ్ వైపు ఎక్కువగా ఉంటారు. ఆ వీధుల్లో ఎటు చూసినా ఎర్ర ఇటుకల వరస ఇళ్లే. చాలావాటికి నూరేళ్లు దాటాయి. వీధి తలుపు తీస్తే సన్నటి నడవ, నిటారుగా మెట్లు. ఒకప్పుడు చుట్టాలు కూర్చున్న ముందు గది ఇప్పుడు ఎవరో ఒక విద్యార్థి పడకగది. ఒకే కుటుంబం కాని ఐదుగురు, అంతకు మించి కలిసి ఉండే ఇంటికి ఓనరు కౌన్సిల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అది ఉందా అని ఏజెంటును అడగండి. నిజాయితీగా అద్దెకిచ్చేవాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

మనవాళ్లలో ఒక అలవాటుంది, దాన్ని గట్టిగా వద్దంటాను. కాగితం మీద ముగ్గురి పేర్లు, ఇంట్లో ఏడుగురు. తలకు పడే అద్దె తగ్గుతుంది, నిజమే. పేరు లేని నలుగురికి అక్కడ ఏ హక్కూ ఉండదు. బ్యాంకుకు చూపించుకోవడానికి చిరునామా రుజువు ఉండదు, వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవడమే. పేరున్న ముగ్గురి పరిస్థితి ఇంకా కష్టం. ఉమ్మడి ఒప్పందంలో ఒకరు అద్దె ఎగ్గొట్టి వెళ్లిపోతే ఆ బాకీ మిగిలినవాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

డబ్బు సంగతుల్లో చట్టం మీ వైపే ఉంది. 2019 జూన్ 1 నుంచి ఏజెంట్లు రకరకాల ఫీజుల పేరుతో వసూలు చేయడానికి వీల్లేదు. మామూలు విద్యార్థి ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు. ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి తీసుకునే బయానా వారం అద్దెకు మించకూడదు. కట్టిన డిపాజిట్‌ను 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన మూడు రక్షణ పథకాల్లో ఏదో ఒకదానిలో జమ చేసి, ఆ కాగితం మీకివ్వాలి. జమ చేయని ఓనరు మీద కోర్టుకు వెళితే డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్లు మీకు ఇప్పించే అధికారం జడ్జికి ఉంది. 2026 మే 1 నుంచి అమలైన కొత్త అద్దె చట్టంతో ప్రైవేటు ఇళ్లకు ఒక నెలకు మించి అద్దె ముందుగా అడగడం కుదరదు. ఏడాది ఒప్పందమనే బంధం కూడా పోయింది. రెండు నెలల ముందు నోటీసిచ్చి ఖాళీ చేయొచ్చు. యూనివర్సిటీ హాళ్లకు, విద్యార్థుల కోసమే కట్టి గుర్తింపు పొందిన ప్రైవేటు హాళ్లకు, ఓనరే కలిసి ఉండే ఇంట్లో గదికి ఈ నియమాలు ఇలాగే వర్తించవు. సంతకం పెట్టే ముందు ఒప్పందాన్ని స్టూడెంట్స్ యూనియన్ సలహాదారులకు చూపించండి. పైసా తీసుకోకుండా ప్రతి పేజీ చదివి చెబుతారు. ఆ పని చేయించుకునేవాళ్లు అంత తక్కువగా ఎందుకుంటారో నాకు అర్థం కాదు.

తాళాలు చేతికొచ్చిన రోజే ఫోన్ పట్టుకుని ఇల్లంతా వీడియో తీయండి. గోడల మూలలు, పరుపు కింద, ఓవెన్ లోపల, గ్యాస్, కరెంటు మీటర్ల అంకెలు. అదే రోజు ఏజెంటుకు ఈమెయిల్‌లో పంపేయండి. వెళ్లేటప్పుడు డిపాజిట్ కోత మీద మాటామాటా వస్తే మీ వైపు మాట్లాడేది ఆ మెయిలే.

నవంబర్ వస్తుంది. ఓ రోజు మంచం జరిపితే కిటికీ కింద గోడ మీద ఆవగింజలు చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. చెయ్యి పెడితే చల్లగా, తడిగా తగులుతుంది. దుప్పటికి ముక్క వాసన. దాన్ని బూజు అనుకుని తుడిచేసి ఊరుకుంటారు. వారానికి మళ్లీ వస్తుంది. ఇందులో మన వంతూ కొంత ఉంది. చలికి భయపడి కిటికీలు బిగించేస్తాం, కుక్కర్ ఆవిరి ఇల్లంతా తిరుగుతుంది, ఉతికిన బట్టలు రేడియేటర్ మీద ఆరేస్తాం. ఆ తేమంతా చల్లటి గోడ మీద చేరి ఫంగస్ పడుతుంది. రోజూ పది నిమిషాలు కిటికీలు తీయండి, వండేటప్పుడు ఫ్యాన్ వేసి మూత పెట్టండి, గదిని 18 డిగ్రీల దగ్గర ఉంచండి. ఇవన్నీ చేసినా తగ్గకపోతే, పైకప్పు కారుతున్నా, హీటర్ పనిచేయకపోయినా, బాగుచేయించే బాధ్యత ఓనరుది. అప్పుడు ఇలా రాయండి: "నవంబర్ 12న పడకగది కిటికీ కింది గోడ తడిగా ఉండటం గమనించాను. ఫొటోలు జతచేశాను. రోజూ కిటికీలు తీస్తున్నాను, గదిలో బట్టలు ఆరేయడం లేదు. మనిషిని ఎప్పుడు పంపుతారో తేదీ చెప్పగలరు." ఇందులో కోపం లేదు, బతిమాలడం లేదు. తేదీ ఉంది, ఆధారం ఉంది, కావలసింది ఏమిటో ఉంది. పలకకపోతే అదే మెయిల్‌ను కౌన్సిల్‌లో ఇళ్ల తనిఖీ విభాగానికి పంపితే వచ్చి చూస్తారు. ఇంగ్లండ్‌లో ఎవరికి ఏం రాయాల్సి వచ్చినా ఈ నాలుగు వాక్యాల పద్ధతే పనికొస్తుంది.

ఇంటి సంగతుల్లో ఇంకో రెండు. అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే ఉన్న ఇంటికి కౌన్సిల్ పన్ను ఉండదు. యూనివర్సిటీ ఇచ్చే ధ్రువపత్రం చూపాలి. చదువు అయిపోయి ఉద్యోగం చేసుకునే అన్నయ్య ఒకరు వచ్చి చేరితే ఆ మినహాయింపు పోతుంది. ఆ ఖర్చు ఎవరిదో ఆయన పెట్టె దించకముందే తేల్చుకోండి. ఇక ఇంట్లో టీవీ లేకపోయినా సరే, లాప్‌టాప్‌లో లైవ్ ఛానెల్ చూసినా, బీబీసీ ఐప్లేయర్ చూసినా టీవీ లైసెన్సు ఉండాలి.

తిరగమోత

హాల్లో ఉండేవాళ్లకు మొదటి వారంలోనే ఎదురయ్యే ఘట్టం ఇది. బాణలిలో నూనె కాగుతుంది. ఆవాలు చిటపటమంటాయి, ఎండుమిర్చి వేయగానే ఘాటు పొగ లేస్తుంది, ఆ పొగ పైనున్న అలారాన్ని తాకుతుంది. ఐదంతస్తుల భవనం చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. పైజామాల్లో, తడి తలలతో అందరూ దిగి చలిలో నిలబడతారు. సిగ్గుతో కుంగిపోవద్దు. టోస్ట్ మాడ్చి అలారం మోగించేవాళ్లూ అక్కడ ఉంటారు. ఫ్యాన్ ముందే వేసి, కిటికీ తీసి, వంటగది తలుపు మూసి, నూనె మరీ పొగలొచ్చేదాకా కాగనివ్వకుండా పోపు పెట్టుకోండి. అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టేయడం మాత్రం ఎప్పటికీ చేయొద్దు. జరిమానా సంగతి అటుంచితే, నిద్రలో ఉన్న వందమంది ప్రాణాలకు అదే కాపలా.

సరుకులకు లెస్టర్‌లో లోటు లేదు. బెల్‌గ్రేవ్ రోడ్డు మీద కందిపప్పు, కరివేపాకు, బెండకాయలు, పది కిలోల బియ్యం సంచులు అన్నీ దొరుకుతాయి. పాలు, గుడ్లు, రొట్టెలకు ఆల్డీ, లిడ్ల్ చవక. చీకటి పడ్డాక పెద్ద సూపర్ మార్కెట్లలో ఆ రోజు గడువు ముగిసేవాటికి పసుపు చీటీ అంటించి ధర తగ్గిస్తారు. ఆదివారం పెద్ద దుకాణాలు చట్టప్రకారం ఆరు గంటలే తెరుస్తారు. అందుకే సాయంత్రం ఐదింటికి సంచీ పట్టుకుని వెళితే షట్టర్ ఎదురవుతుంది.

62 మార్కులు

ఇంటర్‌లో 980, బీటెక్‌లో 85 శాతం తెచ్చుకున్న పిల్లలు మొదటి అసైన్‌మెంట్‌కు 62 చూసి రాత్రంతా ఏడ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. మాస్టర్స్‌లో అక్కడ 50 వస్తే పాస్, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. 62 అంటే బాగా రాశారని అర్థం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అంకె చెప్పే ముందు ఈ కొలత చెప్పండి, నాన్నగారి గుండె నిలబడుతుంది.

62ను 70 చేసే దారి మార్కుల పక్కన రాసిచ్చే వ్యాఖ్యల్లో ఉంటుంది. వాటిని చదవనివాళ్లే ఎక్కువ. "వర్ణన ఎక్కువ, విశ్లేషణ తక్కువ" అని మన పిల్లల పేపర్ల మీద మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మనకు చిన్నప్పటి నుంచి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు. అక్కడ ఇద్దరు పండితులు ఒకే విషయాన్ని రెండు రకాలుగా చెబితే, ఎవరి మాట ఎందుకు నిలుస్తుందో మీరు తేల్చాలి. తేల్చడం పొగరు కాదు, పరీక్ష పెట్టింది దానికే. అర్థం కాకపోతే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌లో వెళ్లి ఆ వ్యాఖ్య చూపించి "ఈ పేరాను ఎలా రాసి ఉంటే బాగుండేది?" అని అడగండి. ఆయన మీకోసం ఖాళీగా కూర్చునే గంట అది. వారం వారం ఎవరూ రాక ఖాళీగా వెళ్లిపోయే ప్రొఫెసర్లున్నారు. పేరుతో పిలవమంటే పేరుతోనే పిలవండి. "సర్" అనకపోతే నాలుక తిరగదనుకుంటే కొన్నాళ్లు సర్ అనే అనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

జ్వరం వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా, గడువు తేదీకి ముందే ఎక్స్‌టెన్షన్ అడగండి. గడువు దాటాక చెప్పే నిజం కంటే ముందు పెట్టుకున్న చిన్న దరఖాస్తుకే విలువ ఎక్కువ. డబ్బు తీసుకుని అసైన్‌మెంట్ రాసిపెడతామని వచ్చే మెసేజ్‌లకు జవాబివ్వొద్దు. ఇంగ్లండ్‌లో 2022లో వచ్చిన చట్టంతో అలాంటి వ్యాపారం నేరమైంది. పైగా డబ్బు కట్టినవాళ్లనే తర్వాత "యూనివర్సిటీకి చెప్పేస్తాం" అని బెదిరించి పీడిస్తారు. పట్టుబడితే చదువూ వీసా రెండూ పోయే ప్రమాదం ఉంది. 58తో పాసైన మీ సొంత రాత దాని పక్కన బంగారం.

పని

ఈ లెక్క విమానం ఎక్కకముందే ఇంట్లో కూర్చుని వేయాలి. డిగ్రీ, ఆ పై చదువులకు వచ్చినవాళ్లు టర్ము సమయంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకు కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. ప్రతి వారం 20 గంటలూ దొరికినా, కోతలకు ముందు నెలకు సుమారు 1,100 పౌండ్లు. గది అద్దె, తిండి, బస్సు, ఫోను దాంతో గడవొచ్చు. ఫీజు మాత్రం అందులోంచి రాదు. "అక్కడికెళ్లి పని చేసి రెండో వాయిదా కట్టేస్తాడు" అని ఏ కన్సల్టెన్సీ చెప్పినా నమ్మి అప్పు చేయొద్దని తల్లిదండ్రులకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. పైగా ఆ 20 గంటలు మొదటి వారమే దొరకవు. సెప్టెంబర్‌లో ఒకే ఊళ్లోకి వేలమంది విద్యార్థులు ఒకేసారి దిగి ఒకే పనుల కోసం వెతుకుతుంటారు.

వారం అంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి లెక్క. ఈ వారం 12 చేశాను కదా, వచ్చే వారం 28 చేస్తాననడం కుదరదు. మాస్టర్స్ వాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. వేసవిలో క్లాసులు ఉండకపోయినా డిసర్టేషన్ నడుస్తుంది కాబట్టి అది సెలవు కిందకు రాదు, 20 గంటల హద్దు అప్పుడూ ఉంటుంది. విద్యార్థి వీసా మీద సొంతంగా వ్యాపారం చేయకూడదు. యాప్‌లో తిండి డెలివరీ చేసే పని చాలావరకు ఆ లెక్కలోకే వస్తుంది. ఇంకొకరి ఖాతా అద్దెకు తీసుకుని ఆ పని చేస్తే, దొరికిననాడు వీసాకే ముప్పు. చేతికి నగదిచ్చి గంటకు ఆరో ఏడో పౌండ్లు పెట్టే దుకాణాలు ఏ ఊళ్లోనైనా ఉంటాయి, కొన్నిటిని నడిపేది మనవాళ్లే. "మనోడే కదా తమ్ముడూ" అనే మాటకు కరిగిపోకండి. పేస్లిప్ ఇస్తారా అని మొదటి రోజే అడగండి. ఇవ్వనన్నచోట మీకు దెబ్బ తగిలినా, జీతం ఎగ్గొట్టినా చెప్పుకునే దిక్కుండదు. వీలైతే యూనివర్సిటీలోనే లైబ్రరీ, క్యాంటీన్, విద్యార్థి రాయబారి పనులకు దరఖాస్తు పెట్టండి. అక్కడ మీ వీసా నియమాలు తెలిసినవాళ్లే మీ గంటలు చూస్తారు.

డబ్బు మార్పిడి గురించి ఒక్క మాట. వాట్సాప్ గ్రూపుల్లో "ఇండియాలో రూపాయలు వేస్తే ఇక్కడ పౌండ్లు వేస్తాం" అని వస్తుంటుంది. ఎక్కడో మోసం చేసి కాజేసిన సొమ్ము అలా మీ ఖాతాలోకి రావచ్చు. బ్యాంకు ఖాతా స్తంభింపజేస్తుంది. మోసాల జాబితాలో మీ పేరు ఎక్కితే ఆరేళ్లు ఉంటుంది. ఆ ఆరేళ్లూ కొత్త బ్యాంకు ఖాతా తెరవడం, ఫోన్ కాంట్రాక్టు తీసుకోవడం గగనమవుతుంది. వీసాలు చూసే హోం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని, వెంటనే జరిమానా కట్టకపోతే పంపించేస్తామని ఫోన్ వస్తే పెట్టేయండి. ప్రభుత్వం అలా ఫోన్ చేసి డబ్బు అడగదు.

ఒంట్లో బాగోకపోతే

వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్లు ఆరోగ్య సర్‌ఛార్జి కట్టే వచ్చారు. అంటే డాక్టరును చూడటం మీ హక్కు, దానికి మళ్లీ డబ్బు అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, వచ్చిన మొదటి వారంలోనే దగ్గర్లోని జీపీ (మొదట చూసే డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోండి. అక్కడ మన వీధి చివర ఆర్ఎంపీ ఉండడు, మందుల షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వరు. జలుబుకు, ఒళ్లునొప్పులకు ముందు ఫార్మసిస్టును అడగాలి. 2024 జనవరి నుంచి గొంతునొప్పి, సైనసైటిస్, ఆడవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటి ఏడు రకాల బాధలకు ఫార్మసిస్టే చూసి మందివ్వగలరు. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే 111, ప్రాణం మీదికి వస్తే 999. పళ్ల వైద్యం మాత్రం ఇక్కడే చేయించుకుని వెళ్లండి, అక్కడ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ కింద చూసే డెంటిస్టు దొరకడం కష్టం.

అంతకంటే ఎక్కువగా చెప్పాల్సింది చీకటి గురించి. డిసెంబర్‌లో లెస్టర్‌లో ఉదయం 8 దాటాకే తెల్లవారుతుంది, సాయంత్రం 4 కాకముందే చీకటి పడిపోతుంది. మధ్యలో ఉన్న కాస్త వెలుగూ బూడిదరంగు మబ్బుల వెనక. ఎండలో పుట్టి పెరిగిన ఒంటికి ఇది చిన్న మార్పు కాదు. నిద్ర పెరుగుతుంది, వంట మానేస్తారు, క్లాసు ఎగ్గొడతారు, అమ్మ ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా, తిన్నా" అంటారు. ఇది మీ బలహీనత కాదు. అక్టోబర్ నుంచి మార్చి దాకా రోజూ 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకొమ్మని అక్కడి వైద్యశాఖ తమ వాళ్లందరికీ చెబుతుంది. మధ్యాహ్నం వెలుగున్నప్పుడు అరగంట నడవండి. 1785లో వేసిన న్యూ వాక్ అనే కాలిబాట ఊరి మధ్య నుంచి చెట్ల కింద విక్టోరియా పార్కు వైపు వెళుతుంది, ఒక్క బండి కూడా రాదు. రెండు వారాలు దాటినా మనసు తేలికపడకపోతే యూనివర్సిటీ వెల్‌బీయింగ్ విభాగానికి రాయండి, జీపీకి చెప్పండి. చచ్చిపోవాలనిపించే రాత్రి 111కు ఫోన్ చేసి 2 నొక్కండి, లేదా సమారిటన్స్ హెల్ప్‌లైన్ 116 123కు చేయండి. ఏ గంటకైనా ఎత్తుతారు. ఇంట్లోవాళ్లకూ నిజం చెప్పండి. చలికాలంలో ఇండియాకు ఐదున్నర గంటల తేడా. అక్కడ రాత్రి 11 అయ్యిందంటే అమ్మ తెల్లవారుజామున నిద్రలేచే వేళ అయ్యింది.

ఊరితో పరిచయం

ఇంట్లో ఐదుగురూ తెలుగువాళ్లే, తోటి పనివాళ్లూ తెలుగువాళ్లే, సాయంత్రం చూసేది తెలుగు సినిమా. అది హాయి, అందులో తప్పేమీ లేదు. ఏడాదంతా అలాగే గడిచిపోతే మాత్రం ఊరు మిమ్మల్ని చూడదు, మీరు ఊరిని చూడరు. అలా చూడకుండా వచ్చేయదగ్గ ఊరు కాదు లెస్టర్.

1972 ఆగస్టులో ఉగాండాలో అప్పటి పాలకుడు ఇదీ అమీన్ అక్కడి ఆసియావాసులకు 90 రోజుల్లో దేశం వదలమన్నాడు. వాళ్లలో గుజరాతీలు ఎక్కువ. లెస్టర్ కౌన్సిల్ భయపడి, మా ఊరికి రావద్దంటూ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. అయినా వేలమంది వచ్చారు. మూతపడుతున్న దుకాణాలు అద్దెకు తీసుకున్నారు, మిల్లుల్లో పని చేశారు. వాళ్లు నిలబెట్టిన బెల్‌గ్రేవ్ రోడ్డును ఇవాళ గోల్డెన్ మైల్ అంటారు. దీపావళికి అక్కడ దీపాలు వెలిగించేది అదే కౌన్సిల్. 2021 లెక్కల్లో ఊళ్లో 43.4 శాతం ఆసియా మూలాలవాళ్లు. మీరు చీర కట్టుకుని బస్సెక్కితే ఎవరూ తిరిగి చూడరు. ఆ సౌకర్యం మీకు ఊరికే రాలేదని తెలిసి ఆ వీధిలో నడవండి.

విక్టోరియా పార్కులో ఒక రాతి తోరణం ఉంటుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల స్మారకం. దాన్ని రూపొందించిన ఎడ్విన్ ల్యూటెన్స్ న్యూఢిల్లీని, అక్కడి ఇండియా గేట్‌నూ రూపొందించినవాడే. ఆ పక్కనున్న యూనివర్సిటీలోనే 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని కనుగొన్నాడు. ఆ విద్యను మన దేశంలో హైదరాబాద్ సీసీఎంబీలో నిలబెట్టినవారు లాల్జీ సింగ్. 2012లో అదే యూనివర్సిటీ పురావస్తు బృందం ఊరి మధ్యలో ఒక కార్ పార్కింగ్ కింద తవ్వి రాజు మూడో రిచర్డ్ ఎముకలు తీసింది. 2015లో వాటిని అక్కడి కెథెడ్రల్లో మళ్లీ ఖననం చేశారు. ఊరి బయట బ్రాడ్‌గేట్ పార్కులో జింకలు మీకు ఎదురుగా వచ్చి నిలబడతాయి. న్యూ వాక్ మీదున్న మ్యూజియానికి టికెట్ లేదు.

స్టూడెంట్స్ యూనియన్‌లో ఒక్క సొసైటీలోనైనా చేరండి, తెలుగువాళ్లు లేనిది ఎంచుకుని. కొండలు నడిచేవాళ్లు, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, ఎవరైనా సరే. ఇంగ్లిష్ రాదనే బెరుకు క్లాసులో పోదు, అక్కడ పోతుంది. కొట్లో పెద్దావిడ మిమ్మల్ని "మి డక్" అని పిలిస్తే ఆప్యాయంగా పలకరించిందని తెలుసుకోండి, ఆ ప్రాంతంలో అందరూ అలాగే పిలుస్తారు. 16 నుంచి 25 ఏళ్లవాళ్లకిచ్చే రైల్‌కార్డ్ తీసుకుంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. వయసు దాటినా ఫుల్‌టైమ్ విద్యార్థులకు అది ఇస్తారు.

చివరి మూడు నెలలు

డిసర్టేషన్ ఒత్తిడిలో ఇవి మరిచిపోతారు. కోర్సు ముగిసిన తేదీ నుంచి కౌన్సిల్ పన్ను మినహాయింపు పోతుంది. ఆ తేదీ ఏదో యూనివర్సిటీని అడిగి తెలుసుకుని ఆ నెలలకు డబ్బు పక్కన పెట్టుకోండి. ఉద్యోగ దరఖాస్తులు చదువు మొదలైన అక్టోబర్ నుంచే పెట్టాలి. పెద్ద కంపెనీలు ఏడాది ముందే మనుషుల్ని ఎంచుకుంటాయి. వీసా స్పాన్సర్ చేస్తారా అని తొలి దశలోనే అడగండి. స్పాన్సర్‌షిప్‌ను డబ్బుకు అమ్ముతామనే మధ్యవర్తి దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ఆ కాగితానికి ఉద్యోగి డబ్బు కట్టాల్సిన పని లేదు.

చదువయ్యాక ఉండి పని వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా 2026 చివరిదాకా దరఖాస్తు చేసినవాళ్లకు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకు 18 నెలలే. దానికి యూకేలో ఉండగానే, ఇప్పుడున్న వీసా ముగియకముందే దరఖాస్తు చేయాలి. మీరు కోర్సు పూర్తి చేశారని యూనివర్సిటీ హోం ఆఫీసుకు తెలియజేశాకే అది సాధ్యం. ఫలితాలు వచ్చాయని సంబరపడి టికెట్ కొనుక్కుని ఊరికి వచ్చేస్తే ఆ అవకాశం చేజారిపోవచ్చు. అందుకని ఆగస్టులోనే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి మెయిల్ పెట్టండి: "నా కోర్సు పూర్తయిందని హోం ఆఫీసుకు ఏ తేదీన తెలియజేస్తారు? అప్పటిదాకా నేను ప్రయాణం చేయొచ్చా?" జవాబు వచ్చాకే టికెట్ బుక్ చేసుకోండి.